ఏమీ కాలేదంటే... ఎవరో పనిచేసినట్టే!

ఏడాదికి రెండుసార్లు నెల్లూరు పరేడ్ మైదానంలో ఉత్తమ ఉద్యోగుల పేర్లు మైకులో పిలుస్తారు. చప్పట్లు కొడతాం, ఇంటికొస్తాం. ఆ జాబితాలో ఎవరుంటున్నారు, ఎవరు ఉండటం లేదు? ఊరిని రోజూ ఊరుగా నిలబెట్టే మనుషులకు అసలైన గుర్తింపు అంటే ఏమిటి?

తెల్లారుజామున అయిదింటికి ట్రంకు రోడ్డు మీద టీకొట్ల వాళ్లు అప్పుడప్పుడే పొయ్యి వెలిగిస్తుంటారు. ఆ వేళకే హాజరు వేసే మస్టరు దగ్గర పారిశుద్ధ్య కార్మికులు చేరి ఉంటారు. మేస్త్రీ చేతిలో ఇదివరకు హాజరు పుస్తకం ఉండేది, ఇప్పుడు ఫోనుంది. ఒక్కొక్కరూ దాని ముందు నిలబడి ముఖం చూపిస్తారు. గుర్తుపడితే హాజరు పడినట్టు. గుర్తుపట్టకపోతే తలగుడ్డ తీసి, వెలుతురులోకి జరిగి, మళ్లీ నిలబడాలి. చీర మీద మగవాళ్ల చొక్కా, దాని మీద మెరుపు పట్టీల కోటు, చేతిలో పొడుగు కర్ర చీపురు. బయల్దేరేముందు చీపురు మొదలును నేలకేసి దబదబా రెండు దెబ్బలు కొడతారు, పుల్లలు బిగుసుకోవడానికి. ఊళ్లో కాకుల కన్నా ముందు లేచే చప్పుడు అది.

ఏడింటికి మనం పాలప్యాకెట్టు కోసం బయటికొస్తాం. రోడ్డు రోడ్డులాగే ఉంటుంది. రాత్రి మిర్చిబజ్జీల బండి చుట్టూ పడిన కాగితాలు, పూలకొట్టు ముందు తెగిపడిన దారాలు, కొబ్బరిబోండాల డిప్పలు ఏవీ ఉండవు. అవి ఉన్నాయన్న సంగతే మనకు తెలియదు కాబట్టి, ఎవరో ఎత్తేశారన్న సంగతీ తెలియదు.

మునిసిపల్ ఉద్యోగంలో ఉన్న విచిత్రం ఇదే. చెడగొడితే ఊరంతా చూస్తుంది. బాగా చేస్తే ఎవరికీ కనపడదు.

అరనిమిషం వేదిక

జనవరి 26, ఆగస్టు 15. పోలీసు పరేడ్ మైదానంలో జెండా ఎగిరి, కవాతు ముగిసి, శకటాలు కదిలి, బడిపిల్లల డాన్సులు అయ్యాక ప్రశంసాపత్రాల వంతు వస్తుంది. పేరు, హోదా, శాఖ మైకులో వినపడగానే వరుసలోంచి ఒకరు వేదికెక్కుతారు. నమస్కారం, చేతికి కాగితం, ఫొటో, దిగిపోవడం. ఒక్కొక్కరికి అరనిమిషం కూడా రాదు.

ఆ అరనిమిషాన్ని తేలిక చేయకూడదు. ముప్పయ్యేళ్ల నౌకరీలో తన పేరు మైకులో వినపడేది చాలామందికి ఆ ఒక్కసారే. ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టుకుంటారు. కూతురి పెళ్లిమాటలకు వచ్చినవాళ్ల చూపు దాని మీద పడేలా కుర్చీలు వేస్తారు. గౌరవం అంటే మనిషికి అంత ఆకలి. అందులో తప్పు లేదు.

చిక్కల్లా పేరు జాబితాలోకి ఎక్కే దారిలో ఉంది. ఏ శాఖకు ఆ శాఖ పైఅధికారి పేర్లు పంపాలి. పంపేటప్పుడు ఈ మనిషి ఏం సాధించారన్నది రాయాలి. పన్ను వసూలు చేసిన బిల్ కలెక్టరు పక్కన శాతం రాయొచ్చు. ఫైళ్లు కదిలించిన గుమాస్తా పక్కన సంఖ్య రాయొచ్చు. వీళ్లు అర్హులు కారని కాదు, వీళ్ల పనికి కాగితం మీద ఆనవాలు మిగులుతుంది. కాలవలో దిగి పూడిక తీసిన మనిషి పక్కన ఏం రాస్తారు? పొంగని కాలవకు ఫొటో తీయలేం. రాని జ్వరానికి లెక్క కట్టలేం. పగలని పైపు పేపర్లో పడదు.

దేశం మొత్తం మీదా ఇదే తంతు. 2016లో 73 నగరాలతో మొదలైన స్వచ్ఛ సర్వేక్షణ్ ఏటా ఊళ్లకు ర్యాంకులిస్తోంది. ర్యాంకు ఊరికి వస్తుంది, జ్ఞాపిక మేయరూ కమిషనరూ అందుకుంటారు. ఆ ర్యాంకును చీపురుతో రాసిన చేతులు మర్నాడు మళ్లీ అయిదింటికి ఫోను ముందు నిలబడతాయి. ఏప్రిల్ 21న సివిల్ సర్వీసెస్ దినోత్సవం జరుపుకుంటాం. 1947లో అదే రోజున సర్దార్ పటేల్ ఢిల్లీలో తొలి ఐఏఎస్ శిక్షణార్థులతో మాట్లాడారు. పెద్ద ఉద్యోగాలకు ఒక రోజుంది, ఒక ప్రసంగముంది, ప్రధానమంత్రి పేరుతో అవార్డులున్నాయి. చిన్న ఉద్యోగానికి ఉన్నది మస్టరు.

జిల్లా పేరులోనే ఉన్న ఇంజినీరు

నెల్లూరు మునిసిపాలిటీ ఈనాటిది కాదు. మద్రాసు ప్రభుత్వం 1865లో చేసిన పట్టణాల చట్టం కింద, 1866 నవంబరు 1న ఏర్పడింది. 2004లో కార్పొరేషన్ అయింది. ఇప్పుడు 54 డివిజన్లు. 2011 లెక్కలకే అయిదు లక్షలు దాటిన జనం. ఊరి మధ్యగా జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ, ఉత్తరాన పెన్న. నీళ్లకు కొదవలేని ఊరు కావడమే దీని భాగ్యమూ, దీని తలనొప్పీ. వాన గట్టిగా పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి దగ్గర ఏమవుతుందో నెల్లూరోళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ ఊరికి పారిశుద్ధ్యంతో ఇంకో చుట్టరికం ఉంది. దాన్ని మనం మర్చిపోయాం. 2008లో జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకున్నాం. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి, 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన అమరజీవిగా ఆయన అందరికీ తెలుసు. ఆయన ఏం చదువుకున్నారో ఎంతమందికి తెలుసు? బొంబాయి విక్టోరియా జూబ్లీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజినీరింగ్. మంచినీళ్లు ఎట్లా రావాలి, మురుగు ఎట్లా పోవాలి అన్నదే ఆ చదువు. తర్వాత రైల్వేలో ఉద్యోగం. భార్యాబిడ్డలు పోయాక దాన్ని వదిలి గాంధీగారి సబర్మతి ఆశ్రమానికి వెళ్లిపోయారు.

చివరి ఏళ్లలో ఆయన నెల్లూరులోనే ఎక్కువగా మసిలారు. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో ఇక్కడే నిరాహారదీక్ష చేశారు. అట్టముక్కల మీద నినాదాలు రాసి మెడలో వేసుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా ఎండలో ఈ వీధుల్లోనే తిరిగారు. పిచ్చివాడన్నారు. ఊరి మురుగును ఎత్తేవాళ్లను ఊరి గుళ్లోకి రానివ్వకపోవడమేమిటన్నది ఆయన పట్టుదల. ఒక శానిటరీ ఇంజినీరు పేరు మోస్తున్న జిల్లా మనది. మిగతా జిల్లాల కన్నా ఒక మెట్టు ఎక్కువ బాధ్యత మనకుండాలి.

కష్టమొచ్చిన నాడు కనపడ్డారు

ఈ పారిశుద్ధ్య కార్మికులు ఊరికి కనపడిన రోజులు లేకపోలేదు. ఊరికి కష్టమొచ్చినప్పుడల్లా కనపడ్డారు.

2020 మార్చి 12. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు నమోదైంది నెల్లూరులోనే. ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి వైరస్ సోకిందని తేలింది. అదెట్లా అంటుకుంటుందో, అంటుకుంటే ఏమవుతుందో డాక్టర్లకే సరిగ్గా తెలియని రోజులు. తలుపులేసుకుని లోపల కూర్చోవడం మన వంతు. వీపుకు మందుడబ్బా తగిలించుకుని ఆ వీధుల్లోకి వెళ్లడం వాళ్ల వంతు. పళ్లేలు మోగించాం, దీపాలు పెట్టాం, కొన్నిచోట్ల పూలూ చల్లాం. ఏడాది తిరిగేసరికి పళ్లేలు మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయాయి.

2021 నవంబరు. ఎగువ కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. హైవే తెగింది. వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ, పొర్లుకట్ట ప్రాంతాల్లో ఇళ్లు మునిగాయి. వరద వచ్చినప్పటి ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. వరద తీసిన తర్వాతి రోజుల ఫొటోలు ఎవరి దగ్గరా లేవు. అసలు పని అప్పుడే మొదలైంది. పెన్న ఒండ్రు తడిగా ఉన్నప్పుడే పారకు వస్తుంది. రెండెండలు కాసిందంటే గడ్డకట్టి పలుగు అడుగుతుంది. అంటే ఆ రెండు రోజుల్లోనే ఇళ్ల ముందూ, కాలవల్లోనూ మోకాలి లోతు బురద ఎత్తిపోయాలి. చచ్చిన గొడ్డూ గోదా తీయాలి. బ్లీచింగ్ చల్లాలి. ఆలస్యమైతే నీళ్ల తర్వాత వాంతులూ విరేచనాలూ వస్తాయి. ఆ పని చేసినవాళ్లలోనూ వరదలో సామాను పోగొట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. వరద డివిజన్ నంబరు చూసుకుని రాదు కదా.

పొగకు చప్పట్లు, పురుగుకు లేవు

నెల్లూరు దోమల మీద ఉన్నన్ని జోకులు ఇంకే ఊరి దోమల మీదా లేవు. కాబట్టి దోమ దగ్గరికే వద్దాం. కనపడే పనికీ కనపడని పనికీ తేడా ఇంత చక్కగా చూపించేది ఇంకోటి లేదు.

సాయంత్రం ఫాగింగ్ మిషన్ వస్తే పిల్లలు వెనకాల పరిగెడతారు, పెద్దవాళ్లు ‘ఇన్నాళ్లకి కార్పొరేషనోళ్లకి మేం గుర్తొచ్చాం’ అంటారు. తెల్లటి పొగ, పెద్ద చప్పుడు. ఆ పొగతో చచ్చేది ఆ వేళకు ఎగురుతున్న దోమ మాత్రమే. నీళ్లలో ఉన్న గుడ్డుకూ పురుగుకూ దాంతో పనిలేదు. డెంగీ మోసే దోమ మురుగులో కాదు, మంచినీళ్లలో పెడుతుంది గుడ్లు. డాబా మీద మూతలేని డ్రమ్ములో, ఫ్రిజ్ వెనక ట్రేలో, పాత టైరులో, కొబ్బరిచిప్పలో. గుడ్డు దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు. అందుకే వారానికొకసారి ఆ నీళ్లు పారబోస్తే చాలు, దోమ పుట్టదు. శుక్రవారం ‘డ్రై డే’ పెట్టింది అందుకే.

ఆ కబురు చెప్పడానికి మలేరియా విభాగం మనిషి టార్చిలైటు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. మన డ్రమ్ములో తొంగిచూసి పురుగులు చూపిస్తాడు. మనం ‘సర్లే, తర్వాత’ అంటాం. పొగబండికి వచ్చిన మెచ్చుకోలులో పదోవంతు కూడా అతనికి రాదు. కానీ ఆ వీధిలో జ్వరం రాకుండా ఆపింది అతని టార్చిలైటు. దోమ కడుపులో మలేరియా క్రిమి ఆనవాలును రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. అప్పటినుంచి ఇప్పటిదాకా దోమ మీద గెలిచిన ప్రతి ఊరూ ఇట్లా తొంగిచూసిన మనుషుల వల్లే గెలిచింది.

రెండు రకాల కాగితాలు

ఇక ప్రశంసాపత్రానికి అవతల ఉన్న కాగితం గురించి మాట్లాడుకోవాలి. పారిశుద్ధ్య కార్మికుల్లో ఎక్కువమంది పర్మినెంటు ఉద్యోగులు కారు. కాంట్రాక్టర్ల బెడద తప్పించడానికని 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆప్కాస్ అనే సంస్థను పెట్టి ఔట్‌సోర్సింగ్ వాళ్లను దాని కిందికి తెచ్చింది. మధ్యలో దళారీ పోయాడు, అది మేలే. ఉద్యోగం మాత్రం ఔట్‌సోర్సింగ్‌గానే మిగిలింది. 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగి రెండు వారాలకు పైగా పనులు ఆపారు. చివరికి నెలకు 21 వేల జీతం మీద ఒప్పందం కుదిరింది. ఆ రెండు వారాల్లో వీధి మొగల్లో పేరుకున్న గుట్టలు చూశాక గానీ, రోజూ ఎంత చెత్త మాయమవుతోందో మనకు తెలిసిరాలేదు. పని ఆగితేనే పని కనపడింది.

పొరుగున బెంగళూరు ఏం చేసిందో చూద్దాం. అక్కడ వీధులూడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. తరాల కిందట మన ప్రాంతాల నుంచి బతుకుతెరువుకు వెళ్లిన కుటుంబాల వాళ్లు. కర్ణాటకలో వాళ్లకంటూ ఒక రోజుంది, సెప్టెంబరు 23. ఆ రోజున సన్మానాలు జరుగుతాయి. వాళ్లు మాత్రం సన్మానంతో ఊరుకోలేదు, ఏళ్ల తరబడి పర్మినెంటు కోసం పోరాడారు. 2025 మే డే నాడు 12 వేల మందికి పైగా పౌరకార్మికులు నియామకపత్రాలు అందుకున్నారు. ప్రశంసాపత్రం గోడకు వేలాడుతుంది. నియామకపత్రం బ్యాంకులో అప్పు పుట్టిస్తుంది, పిల్లల ఫీజు కడుతుంది, ముసలితనంలో అన్నం పెడుతుంది. రెండూ కాగితాలే.

మూడో కాగితం కూడా ఒకటుంది, ఎవరికీ రాకూడనిది. సెప్టిక్ ట్యాంకులోనో మ్యాన్‌హోల్‌లోనో దిగి ఊపిరాడక పోయినవాళ్ల ఇంటికి వచ్చే చెక్కు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అట్లా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. 2014లో సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం ఇవ్వాలంది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పోరాటం వెనక ఉన్న సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్. కోలారు బంగారు గనుల్లో పాకీపని చేసిన కుటుంబంలో పుట్టి, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆయన అడిగేది దండలు కాదు, మనిషి దిగక్కర్లేని యంత్రాలు.

సూరత్ నేర్పిన సంగతి

పైఅధికారి మంచివాడైతే కింద పనిచేసేవాళ్లు కనపడతారనడానికి ఒక మంచి ఉదాహరణ గుజరాత్‌లో ఉంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. లక్షలమంది ఊరొదిలి పారిపోయారు. మరుసటేడు అక్కడికి కమిషనర్‌గా వెళ్లిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. రావు. పూర్తి పేరు సూర్యదేవర రామచంద్రరావు. ఆయన పెట్టిన మొదటి నియమం, అధికారులంతా ఏసీ గదులు వదిలి రోజూ వీధుల్లో ఉండాలి. తానూ ఉన్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి ప్లేగు ఊరు దేశంలోని శుభ్రమైన నగరాల వరసలో చేరింది. తర్వాత ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇందులో పాఠం పద్మశ్రీ కాదు. అధికారి రోజూ వీధిలో ఉంటే ఎవరు పనిచేస్తున్నారో ఆయన కళ్లకే తెలుస్తుంది. ఆఫీసులో కూర్చుంటే కాగితం మీద ఉన్నవాళ్లే తెలుస్తారు. ఉత్తమ ఉద్యోగుల జాబితా బాగుపడాలంటే అది తయారయ్యే చోటు మారాలి.

రొట్టె బాకీ

మరి మనం చేయగలిగేదేమిటి? మొదటిది, జనవరి, ఆగస్టు జాబితాలు తయారయ్యే ముందు వీధిని అడగాలి. 2019 నుంచి వార్డు సచివాలయాలున్నాయి. అక్కడ ఒక పెట్టె పెడితే చాలు. ‘మా వీధిలో ఈ నల్లా ఫిట్టరు పండగ రాత్రి వచ్చి పైపు బాగుచేశాడు’ అని ఒక్క వాక్యం రాసి వేస్తారు జనం. ఆ వాక్యం ఏ శాతం కన్నా తక్కువ సాక్ష్యం కాదు. రెండోది, చేతి తొడుగులు, బూట్లు, సబ్బు, నూనె ఏడాదికొకసారి ఫొటో కోసం కాకుండా చిరిగినప్పుడల్లా ఇవ్వాలి. జీతం ఒకటో తారీఖుకు పడాలి. మూడోది మన వంటింట్లో ఉంది. పగిలిన గాజుగ్లాసును కాగితంలో చుట్టి, పైన ‘గాజు’ అని రాసి విడిగా ఇవ్వండి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండి. ఆ చేతికి తెగకుండా చూడటాన్ని మించిన సన్మానం లేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ‘చెత్తోళ్లు’ అనడం మానేద్దాం. చెత్త మనది, వాళ్లు దాన్ని తీసేవాళ్లు.

ఈ ఊరికి ఇది కొత్త పాఠమేమీ కాదు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె. కోరిక ఉన్నవాళ్లు రొట్టె అందుకుంటారు. కోరిక తీరితే మరుసటేడు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. తీసుకుని ఊరుకుంటే చెల్లదు. లక్షలమంది వచ్చిపోయే ఆ అయిదు రోజులూ ఘాట్లు ఊడ్చి, నీళ్లలో నానిపోయిన రొట్టెముక్కలు ఎత్తి, రాత్రికి రాత్రి చెరువుగట్టును మళ్లీ తెల్లారేసరికి సిద్ధం చేసేదీ ఈ మస్టరు మనుషులే.

ఆరోగ్యం రొట్టె ఈ ఊరు వాళ్ల చేతి నుంచి రోజూ అందుకుంటోంది. తిరిగి ఇవ్వాల్సిన రొట్టె బాకీ ఉంది. రేపు పొద్దున బండి వచ్చినప్పుడు ఆ మనిషి పేరు అడగండి. పేరు తెలిశాక ఆ పేరును వార్డు సచివాలయంలో చెప్పండి. ఇప్పటిదాకా ఆ ముఖాన్ని రోజూ గుర్తుపడుతున్నది ఒక్క మేస్త్రీ ఫోనే.